జర్మనీకి ఉద్యోగం మీదో వ్యాపారం మీదో వెళ్లాలంటే: ముందు డిగ్రీ, తర్వాత జీతం, ఆ తర్వాతే వీసా

2025 సెప్టెంబరులో అమెరికా హెచ్1బీ వీసా కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించాక హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో జర్మనీ మాట ఎక్కువగా వినిపిస్తోంది. జర్మనీలో హెచ్1బీలా లాటరీ లేదు. అదృష్టం లెక్క కాదు, అర్హత లెక్క. ఆ అర్హతను ప్రధానంగా తేల్చేవి రెండు: మీ డిగ్రీని జర్మనీ ఏ స్థాయిలో చూస్తుంది, మీకు ఇస్తామన్న జీతం ఎంత. ఈ రెండూ ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. చాలామంది మాత్రం ముందు కన్సల్టెన్సీకి డబ్బు కట్టేసి, డిగ్రీ ఆ లెక్కలోకి రాదన్న సంగతి ఆరు నెలల తర్వాత తెలుసుకుంటున్నారు. అందుకే కింద చెప్పిన వరస మార్చకండి.

మొదటి పని: అనాబిన్‌లో మీ డిగ్రీ వెతకండి

విదేశీ డిగ్రీలకు జర్మనీ ఇచ్చే విలువ ఎంతో చెప్పే అధికారిక డేటాబేస్ పేరు అనాబిన్. ఉచితం. అంతా జర్మన్‌లోనే ఉంటుంది కానీ బ్రౌజర్‌లో అనువాదం పెట్టుకుంటే అర్థమవుతుంది. ఇందులో రెండు చోట్ల వెతకాలి: ఒకటి యూనివర్సిటీ, రెండోది డిగ్రీ. ఒకటి చూసి వదిలేస్తే పని సగమే అయినట్టు.

యూనివర్సిటీ దగ్గర కాలేజీ పేరు కొట్టకండి. పట్టా ఎవరిస్తే వాళ్ల పేరు కొట్టండి. మీరు చదివింది గుంటూరు పక్కన ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ కావచ్చు, పట్టా మీద జేఎన్‌టీయూ కాకినాడ అని ఉంటే వెతకాల్సింది దాన్నే. డీమ్డ్ యూనివర్సిటీ అయితే దాని పేరే. పక్కన హెచ్ ప్లస్ అని ఉంటే గుర్తింపు ఉన్నట్టు. హెచ్ మైనస్ అని ఉంటే లేనట్టు. ప్లస్, మైనస్ రెండూ ఉంటే మీ కోర్సును విడిగా చూసి చెప్పాలి.

ఆ తర్వాత డిగ్రీ పేరు వెతకండి. నాలుగేళ్ల బీటెక్ అయితే దాన్నే, అదే కాలవ్యవధితో ఉన్న వరసనే చూడండి. ఎదురుగా 'ఎంట్‌ష్ప్రిష్ట్' అనో 'గ్లైష్‌వెర్టిగ్' అనో ఉంటే అది జర్మన్ డిగ్రీకి సమానం. 'బెడింగ్ట్ ఫెర్‌గ్లైష్‌బార్' అని ఉంటే కొంతవరకే పోల్చదగినది అని అర్థం, బ్లూ కార్డ్‌కు (డిగ్రీ ఉన్న విదేశీ నిపుణులకిచ్చే ఉద్యోగ, నివాస అనుమతి) అది చాలదు. మూడేళ్ల బీకాం, బీఎస్సీ వాళ్లు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తగా చూసుకోవాలి. డిప్లొమా చేసి లేటరల్ ఎంట్రీలో బీటెక్ రెండో ఏడాదిలో చేరినవాళ్లు కూడా అనాబిన్ మీదే ఆధారపడకుండా విడిగా మదింపు చేయించుకోవడం మేలు.

రెండు పేజీలూ సానుకూలంగా ఉంటే వాటిని పీడీఎఫ్‌గా దాచుకోండి. వీసా దరఖాస్తుతో జత చేయాల్సింది వీటినే. యూనివర్సిటీ గానీ డిగ్రీ గానీ అనాబిన్‌లో లేకపోయినా, సందేహంగా ఉన్నా జెడ్ఏబీ అనే కేంద్ర కార్యాలయం నుంచి పోలిక పత్రం తెచ్చుకోవాలి. ఫీజు 208 యూరోలు, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. మామూలుగా నెలలు పడుతుంది. చేతిలో ఉద్యోగ ఒప్పందం ఉండి బ్లూ కార్డ్ కోసమైతే త్వరగా చూస్తారు.

డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులకు ఇది సరిపోదు. వాళ్ల వృత్తికి జర్మనీలో విడిగా లైసెన్సు కావాలి, జర్మన్ భాష కూడా బాగా రావాలి. వాళ్ల దారి పూర్తిగా వేరు కాబట్టి ఇక్కడ కలపడం లేదు. నర్సింగ్ చేసినవాళ్లు తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను ముందుగా సంప్రదించడం మంచిది.

పీసీ ఉంది, ఓడీ లేదు

మన ఇంజనీరింగ్ విద్యార్థుల్లో చాలామంది దగ్గర పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (అన్ని మార్కులూ కలిపిన మెమో) మాత్రమే ఉంటాయి. ఇక్కడ ఉద్యోగానికి వాటితో గడిచిపోతుంది కాబట్టి ఒరిజినల్ డిగ్రీ, అంటే ఓడీ, సంగతి మర్చిపోతారు. జర్మనీకి ఓడీ కావాలి. డిగ్రీ అయిపోయి ఏడేళ్లయినా దాని కోసం దరఖాస్తే పెట్టనివాళ్లున్నారు. కాలేజీ నుంచి నో డ్యూస్, యూనివర్సిటీ నుంచి వెరిఫికేషన్ అంటూ ఇది నెలల తరబడి సాగవచ్చు. జర్మనీ ఆలోచన వచ్చిన రోజే దీనికి అప్లై చేయండి. ఉద్యోగం వచ్చాక మొదలుపెడితే కంపెనీ అంతకాలం ఆగదు.

ఇంకో చిక్కు పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంటుంది. డిగ్రీలో అది ఒక అక్షరానికి కుదించుకుపోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి పేరంతా ఒకే గడిలో రాసి ఉంటుంది. ఒకే మనిషి మూడు కాగితాల మీద ముగ్గురైనట్టు. మన ఊరి అధికారికి ఇది చూడగానే తెలుస్తుంది, జర్మన్ అధికారికి తెలియదు. జర్మనీలో అద్దె ఒప్పందం, బ్యాంకు, పన్ను నంబరు అన్నీ పాస్‌పోర్టులో ఉన్నట్టే నడుస్తాయి. కాబట్టి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి. సర్టిఫికెట్లలో తేడాకు, ఆ పేర్లన్నీ ఒకే వ్యక్తివని నోటరీ అఫిడవిట్ చేయించి జత చేయండి.

రెండో పని: జీతం లెక్క

ఈయూ బ్లూ కార్డ్‌కు కనీస జీతం ఏటా జనవరిలో మారుతుంది. జర్మనీ పింఛను బీమా గరిష్ఠ పరిమితిలో సగం అన్నది సూత్రం. 2025లో అది ఏడాదికి 48,300 యూరోలు. 2026లో 50,700. మనుషుల కొరత ఉన్న వృత్తులకు, అంటే ఇంజనీర్లు, ఐటీ నిపుణుల వంటివాళ్లకు, అలాగే ఏ వృత్తిలోనైనా డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటనివాళ్లకు పరిమితి తక్కువ: 2025లో 43,759.80, 2026లో 45,934.20. తక్కువ పరిమితితో వెళ్లేటప్పుడు జర్మన్ ఉపాధి సంస్థ అనుమతి కూడా ఉండాలి. అది వీసా ప్రక్రియలో భాగంగా వీసా కార్యాలయమే తీసుకుంటుంది.

ఇది పన్ను కోతకు ముందు జీతం. ఒప్పందంలో ఖాయంగా ఇస్తామని రాసిన మొత్తమే లెక్కలోకి వస్తుంది. పనితీరును బట్టి ఇచ్చే బోనస్, షేర్లు కలపకూడదు. మన దగ్గర సీటీసీ చూసి మాట్లాడుకునే అలవాటు వల్ల చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. 47,000 ఖాయం, 5,000 వేరియబుల్ అని రాసి ఉంటే అది 52,000 కాదు, 47,000 మాత్రమే. సంతకానికి ముందే ఖాయం భాగాన్ని పెంచమని అడగండి. వీసా నిబంధన కోసమని చెబితే కంపెనీలు సాధారణంగా అర్థం చేసుకుంటాయి.

చేతికొచ్చేది ఎంతో కూడా ముందే వేసుకోండి. 50,700 అంటే నెలకు 4,225. ఒంటరిగా ఉండేవాళ్లకు పన్ను, ఆరోగ్య బీమా, పింఛను, నిరుద్యోగ బీమా పోగా మిగిలేది 2,700 చుట్టుపక్కల. ఆ డబ్బుతో లైప్‌సిగ్‌లో బతకడం వేరు, మ్యూనిక్‌లో బతకడం వేరు.

మూడో పని: మీది ఏ దారి?

డిగ్రీ సమానమని తేలి, జీతం పరిమితి దాటిన ఆఫర్ చేతిలో ఉంటే వేరే ఆలోచనే అక్కర్లేదు, బ్లూ కార్డ్. భార్యకో భర్తకో జర్మన్ భాష పరీక్ష అవసరం లేదు, వెళ్లగానే ఉద్యోగం కూడా చేసుకోవచ్చు. ఏ1 స్థాయి (భాషలో మొదటి మెట్టు) జర్మన్‌తో 27 నెలల్లో, బీ1 స్థాయితో (మధ్య మెట్టు) 21 నెలల్లో శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆరు నెలలు ముందు చేతికొస్తుంది కాబట్టి భాష నేర్చుకోవడానికి ఇదొక్కటే చాలినంత కారణం.

డిగ్రీ సమానమే కానీ జీతం ఆ పరిమితికి తక్కువ అనుకోండి. అప్పుడు డిగ్రీ ఉన్న నిపుణులకిచ్చే మామూలు వర్క్ పర్మిట్ ఉంది. దానికి నిర్ణీత జీతం లేదు. అదే పనికి జర్మన్ ఉద్యోగికిచ్చేంత ఇవ్వాలి. ఒక్క మినహాయింపు: మీకు 45 ఏళ్లు దాటి ఉంటే 2026లో కనీసం 55,770 యూరోలు చూపాలి, లేదా వృద్ధాప్యానికి తగిన పింఛను ఏర్పాటు ఉన్నట్టు చూపాలి.

అసలు డిగ్రీ లేకపోయినా, డిగ్రీ చెల్లకపోయినా ఐటీ వాళ్లకు తలుపు మూసుకోలేదు. గత ఏడేళ్లలో కనీసం మూడేళ్లు డిగ్రీ స్థాయి ఐటీ అనుభవం ఉంటే తక్కువ పరిమితి జీతంతోనే బ్లూ కార్డ్ ఇస్తారు. ఇక్కడ అనుభవాన్ని కాగితాల మీద నిరూపించాలి. రిలీవింగ్ లెటర్, పనేంటో వివరంగా రాసిన ఎక్స్‌పీరియన్స్ లెటర్, ఫామ్ 16, పీఎఫ్ సర్వీస్ హిస్టరీ ఒకదానితో ఒకటి సరిపోవాలి. డబ్బు తీసుకుని అనుభవం పెట్టిస్తామనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. వాళ్లిచ్చిన లెటర్‌లో ఉన్న తేదీలు పీఎఫ్ ఖాతాలో ఉండవు. తప్పుడు కాగితంతో వీసా వచ్చినా అది ఎప్పుడు బయటపడినా రద్దవుతుంది. అప్పటికి ఇల్లు, పిల్లల బడి అన్నీ అక్కడే ఉంటాయి.

ఆఫరే లేనివాళ్లకు ఆపర్చునిటీ కార్డ్ ఉంది. జర్మన్‌లో 'శాన్సెన్‌కార్టె'. 2024 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. ఏడాది పాటు అక్కడే ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చు. ఆ కాలంలో వారానికి 20 గంటలు పార్ట్‌టైమ్ చేసుకోవచ్చు. ఒక్కో కంపెనీలో రెండు వారాల వరకు ప్రయోగాత్మకంగా పని చేయవచ్చు. ఉద్యోగం దొరికితే ఇండియా రాకుండా అక్కడే బ్లూ కార్డ్‌కు మారిపోవచ్చు.

దీని గురించి బాగా తప్పుగా ప్రచారమైన సంగతి పాయింట్లది. మీ డిగ్రీ అనాబిన్ ప్రకారం పూర్తిగా సమానమైతే పాయింట్లే లెక్కించరు. నేరుగా అర్హులు. 'మీకు ఆరు పాయింట్లు చేయిస్తాం' అని హెచ్ ప్లస్ యూనివర్సిటీ బీటెక్ వాళ్ల దగ్గర కూడా డబ్బు తీసుకుంటున్నారు. అది వృథా. పాయింట్లు కావాల్సింది, ఇండియాలో గుర్తింపు ఉన్న డిగ్రీ గానీ కనీసం రెండేళ్ల వృత్తి శిక్షణ గానీ ఉండి, జర్మనీలో అది సమానం కానివాళ్లకు. వాళ్లకు జర్మన్ ఏ1 లేదా ఇంగ్లిష్ బీ2 తప్పనిసరి, ఆపైన ఆరు పాయింట్లు.

ఉదాహరణకు మూడేళ్ల డిగ్రీ చేసి, అదే రంగంలో నాలుగేళ్లుగా పని చేస్తున్న 29 ఏళ్ల మనిషిని తీసుకుందాం. 35 లోపు వయసుకు 2. గత ఐదేళ్లలో రెండేళ్ల అనుభవానికి 2. ఐఈఎల్‌టీఎస్‌లో 7 వచ్చి ఇంగ్లిష్ సీ1 అయితే 1. మొత్తం 5. ఒకటి తక్కువ. జర్మన్ ఏ2 పాసైతే ఆ ఒక్కటీ వస్తుంది. హైదరాబాద్‌లో గోథే సెంట్రమ్ ఉంది, అక్కడే నేర్చుకుని పరీక్ష రాయవచ్చు. అదే మనిషికి ఏడేళ్లలో ఐదేళ్ల అనుభవం ఉంటే 3 వచ్చేవి, ఏ2 అక్కర్లేకపోయేది. 35 నుంచి 40 మధ్య వయసుకు 1 మాత్రమే. జర్మన్ బీ1కి 2, బీ2కి 3.

ఈ కార్డుకు బతకడానికి డబ్బు చూపాలి. 2025 లెక్కన నెలకు 1,091 యూరోలు, ఏడాదికి 13,092. బ్లాక్డ్ అకౌంట్‌లో వేస్తే నెలనెలా అంతే చేతికిస్తారు. యూరో వంద రూపాయలనుకున్నా 13 లక్షలు దాటుతుంది. ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి: ఒక ఆర్థిక సంవత్సరంలో విదేశానికి పంపేది 10 లక్షలు దాటితే ఆ పైమొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందే వసూలు చేసే ఆదాయ పన్ను) పట్టుకుంటుంది. చదువుకు ఉన్న రాయితీ దీనికి వర్తించదు. మూడు లక్షల మీద అరవై వేలు. రిటర్న్ వేస్తే సర్దుబాటవుతుంది లేదా వెనక్కొస్తుంది, కానీ పంపే రోజుకు ఆ డబ్బు కూడా చేతిలో ఉండాలి. ఈ లెక్క వేసుకోక ఆఖరి వారంలో చేబదుళ్లకు తిరగాల్సి వస్తుంది. జర్మనీలో ఉన్న బంధువు మీ ఖర్చుకు హామీ పత్రం ఇచ్చినా, అక్కడి పార్ట్‌టైమ్ ఉద్యోగ ఒప్పందంతో ఖర్చు వెళ్తుందని చూపినా ఈ మొత్తం కట్టాల్సిన పని ఉండదు.

ఏడాదిలో ఉద్యోగం దొరకకపోతే తిరిగి రావాలి. నా మాటగా చెప్పాలంటే, జర్మన్ బొత్తిగా రాకుండా, అప్పు చేసిన 13 లక్షలతో ఈ కార్డు మీద వెళ్లకండి. అదే డబ్బులో చిన్న భాగం పెట్టి ఇక్కడే బీ1 వరకు నేర్చుకుని, ఇక్కడి నుంచే దరఖాస్తులు పంపడం క్షేమం.

నాలుగో పని: దరఖాస్తు

2025 జనవరి నుంచి జర్మన్ విదేశాంగ శాఖ కాన్సులర్ సర్వీసెస్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా పెట్టుకోవచ్చు. ఫారం నింపి కాగితాలు అప్‌లోడ్ చేస్తే ముందు అవన్నీ ఉన్నాయో లేదో చూస్తారు, లోటుంటే అడుగుతారు. అంతా సరిపోయాకే వేలిముద్రలకు, ఒరిజినల్స్ చూపడానికి పిలుస్తారు. ఫీజు 75 యూరోలు, రూపాయల్లో కట్టాలి.

ఉద్యోగం మీద వెళ్లేవాళ్లు పాస్‌పోర్టు, ఫొటోలు, ఉద్యోగ ఒప్పందం, అనాబిన్ పేజీలు లేదా జెడ్ఏబీ పత్రం, ఓడీ, మార్కుల మెమోలు, రెజ్యూమే, ఆరోగ్య బీమా పెట్టాలి. వీటితో పాటు ఎక్కువమంది మర్చిపోయేది ఒకటుంది: కంపెనీ నింపి సంతకం చేయాల్సిన ఉద్యోగ వివరాల ప్రకటన. పని, గంటలు, జీతం, సెలవులు అన్నీ అందులో ఉంటాయి. అది లేకపోతే ఉపాధి సంస్థ ఫైలు ముట్టుకోదు. అందులో రాసిన జీతం ఒప్పందంలోని జీతంతో ఒక్క యూరో కూడా తేడా లేకుండా ఉండాలి. ఒప్పందం కనీసం ఆరు నెలలకు ఉండాలి.

బీమా విషయంలో చిన్న ఖాళీ పెద్ద తలనొప్పి అవుతుంది. ఉద్యోగం ఒకటో తారీఖున మొదలైతే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆ రోజు నుంచే. మీరు 20నే దిగుతారు. ఆ పది రోజులకు ట్రావెల్ బీమా ఉండాలి. ఒకటో తారీఖుతో ముగిసేలా కాకుండా ఇంకో నెల ఎక్కువగా తీసుకోండి, విమానం తేదీ మారినా ఇబ్బంది ఉండదు.

కంపెనీకి తొందరగా ఉంటే వేగవంతమైన పద్ధతి ఒకటుంది. మీ తరఫున కంపెనీయే అక్కడి విదేశీయుల కార్యాలయంలో 411 యూరోలు కట్టి ముందస్తు అనుమతి తెస్తుంది. ఆ కాగితం మీకు పంపాక మూడు వారాల్లో అపాయింట్‌మెంట్, పూర్తి దరఖాస్తు అందాక మరో మూడు వారాల్లో నిర్ణయం. హెచ్‌ఆర్‌ను అడగడానికి మొహమాటపడకండి.

తిరస్కరిస్తే ఏం చేయాలి? వీసా కార్యాలయానికే అభ్యంతరం రాసుకునే పద్ధతిని (రిమాన్స్‌ట్రేషన్) 2025 జూలై 1 నుంచి ఎత్తేశారు. 'రిమాన్స్‌ట్రేషన్ రాసిపెడతాం' అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ఇప్పుడున్నవి రెండే: లోపం సరిచేసి కొత్తగా దరఖాస్తు, లేదా బెర్లిన్ పరిపాలనా న్యాయస్థానంలో కేసు. దాదాపు ప్రతిసారీ మొదటిదే త్వరగా తేలుతుంది. కాబట్టి తిరస్కరణ లేఖను చించి పారేయకుండా, ఏ కారణం రాశారో ఒక్కో వాక్యం చదవండి.

కుటుంబంతో వెళ్లేవాళ్లు పెళ్లి రిజిస్ట్రేషన్ సంగతి చూసుకోండి. గుడిలో చేసుకున్నా, ఫంక్షన్ హాల్లో చేసుకున్నా శుభలేఖ, ఫొటోలు సాక్ష్యం కావు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి. అందులోని పేర్లు పాస్‌పోర్టుల్లోని పేర్లతో కలవాలి.

కన్సల్టెన్సీ గురించి: విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటుకు 1983 వలస చట్టం కింద లైసెన్సు ఉండాలి. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ పేరు ఉందో లేదో చూడండి. వాళ్లు అభ్యర్థి దగ్గర తీసుకోగల గరిష్ఠం 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షలు అడిగేచోట ఇంకో నిమిషం కూర్చోకండి.

వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లకు

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. జర్మనీలో సొంత కంపెనీ రిజిస్టర్ చేసి, దాని నుంచి తనకు తానే ఆఫర్ లెటర్ రాసుకుని బ్లూ కార్డ్ తెచ్చుకోవచ్చని కొందరు చెబుతారు. కుదరదు. సగానికి మించి వాటా ఉన్న డైరెక్టర్‌ను అక్కడ ఉద్యోగిగా కాదు, స్వయం ఉపాధి చేసేవాడిగానే చూస్తారు. దానికి నివాస చట్టం 21వ సెక్షన్ కింద విడిగా వీసా ఉంది.

ఇందులో మూడు చూస్తారు: ఆ వ్యాపారం అక్కడ అవసరమా, ఆర్థిక వ్యవస్థకు మేలు చేస్తుందా, పెట్టుబడి మీ దగ్గర ఖాయంగా ఉందా. కనీస పెట్టుబడి ఇంత అని చట్టంలో లేదు. కంపెనీ రూపాన్ని బట్టి మూలధనం మారుతుంది. జీఎంబీహెచ్ (మన ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ లాంటిది) అయితే 25,000 యూరోలు, రిజిస్ట్రేషన్‌కు అందులో సగం కట్టాలి. యూజీ (దాని చిన్న రూపం) అయితే ఒక్క యూరోతో కూడా పెట్టవచ్చు, కానీ ఒక్క యూరో చూపించి పెట్టుబడి ఖాయం అంటే ఎవరూ నమ్మరు.

మీ బిజినెస్ ప్లాన్‌ను అక్కడి వాణిజ్య మండలికి పంపి అభిప్రాయం అడుగుతారు. ఫైలు నిలిచేది, పడేది అక్కడే. కాబట్టి ప్లాన్‌లో దేశం లెక్కలు కాదు, మీరు పెట్టబోయే ఊరి లెక్కలు ఉండాలి: అక్కడ కొనేవాళ్లెవరు, పోటీ ఎవరు, అద్దె ఎంత, మొదటి ఏడాది నెలవారీ రాబడి ఎంత, నష్టం వస్తే ఎన్ని నెలలు తట్టుకుంటారు. జర్మన్‌లో రాయించండి. అక్కడి కొనుగోలుదారుల నుంచి ఒకటి రెండు ఉత్తరాలు జత చేస్తే ఇరవై పేజీల మార్కెట్ వివరణ కంటే ఎక్కువ పని చేస్తాయి. 45 దాటినవాళ్లు తగిన పింఛను ఏర్పాటు చూపాలి. మొదట మూడేళ్ల వరకు అనుమతిస్తారు. వ్యాపారం నిలదొక్కుకుంటే మూడేళ్లకే శాశ్వత నివాసం అడగవచ్చు.

కన్సల్టింగ్, డిజైన్, రచన, అనువాదం వంటివి సొంతంగా చేసుకునేవాళ్లకు అదే సెక్షన్‌లో ఫ్రీలాన్సర్ దారి ఉంది. వాళ్లకు అక్కడి క్లయింట్ల నుంచి పని ఇస్తామన్న ఉత్తరాలే ప్రాణం. స్వయం ఉపాధి మీద నేరుగా వెళ్లేవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమాలో చేరడం కష్టం, ప్రైవేటు బీమా ఖర్చు ముందే లెక్కలో పెట్టుకోండి.

దిగిన తర్వాత

ఇంట్లో చేరిన రెండు వారాల్లో ఊరి కార్యాలయంలో చిరునామా నమోదు చేయించాలి. ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం లేకపోతే నమోదు కాదు. నమోదు కాకపోతే పన్ను నంబరు ఆలస్యమవుతుంది, మొదటి జీతంలో పన్ను ఎక్కువ కోస్తారు. కాబట్టి ఇల్లు మాట్లాడేటప్పుడే ఆ పత్రం ఇస్తారా అని అడగండి. తర్వాత విదేశీయుల కార్యాలయంలో కార్డు కోసం అపాయింట్‌మెంట్ వెంటనే తీసుకోండి, పెద్ద నగరాల్లో తేదీలు ఆలస్యంగా దొరుకుతాయి.

బ్లూ కార్డ్ మీద మొదటి 12 నెలల్లో ఉద్యోగం మారితే ఆ కార్యాలయానికి తెలియజేయాలి. ఉద్యోగం పోతే రెండు వారాల్లో చెప్పాలి. చెప్పకుండా దాచడం వల్ల ఒరిగేది ఏమీ లేదు, కంపెనీ ఎలాగూ తెలియజేస్తుంది.

పౌరసత్వానికి ఐదేళ్లు. 2024 జూన్ 27 నుంచి జర్మనీ రెండు పౌరసత్వాలకు ఒప్పుకుంటోంది కానీ భారత్ ఒప్పుకోదు. జర్మన్ పాస్‌పోర్టు తీసుకుంటే భారత పాస్‌పోర్టు అప్పగించి ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే కార్డు) తీసుకోవాలి. ఊళ్లో పొలం కొనాలన్న ఆలోచన ఉన్నవాళ్లు మాత్రం పౌరసత్వం దాకా ఆగకండి. ఎన్నారై హోదా వచ్చినప్పటి నుంచే వ్యవసాయ భూమి కొనడానికి వీలుండదు. పెద్దల నుంచి వారసత్వంగా వచ్చేది ఉంచుకోవచ్చు. కొనాల్సింది ఏదైనా ఉంటే విమానం ఎక్కేలోపే రిజిస్ట్రేషన్ పూర్తి చేసుకోండి.